సాగర్ బ్యాక్‌వాటర్ పక్క తండా: గుట్ట మీది మంట ఊరి దాకా దిగకుండా ముందే ఏం చేసి పెట్టుకోవాలె?

కృష్ణ ఒడ్డు (ప్రశ్న):

చందంపేట దిక్కు ఒడ్డు తండా మాది. మూడు దిక్కుల గుట్ట, రిజర్వు ఫారెస్టు, ఒక దిక్కు నీళ్లు. శివరాత్రి దాటినంక బోద గడ్డి ఎండుతది, ఇప్పపువ్వు రాలే నాటికి ఎక్కడో ఒక కాడ అంటుకుంటది. నిరుడు గడ్డివాములు, ఒడ్డు గుడిసెలల్ల వలలు, బత్తాయి తోటల డ్రిప్పు పైపులు కాలిపోయినయి. ఫైరింజను దేవరకొండ నుంచి రావాలె, వచ్చేసరికి అయ్యేది అయితది.

అడిగేది మూడు ముచ్చట్లు. ఊరి చుట్టు గడ్డి ఎంత వెడల్పు తీయాలె, ఎట్ల తీయాలె? నీళ్లు కండ్ల ముందటనే ఉన్నయి కదా, పెట్రోలు మోటరు పెట్టి కొట్టుకోవచ్చా? మంట వస్తుంటే ఎదురు మంట పెడదామని కొందరంటున్నరు, అది సరైందేనా?

బీటు దారి:

ముందు మీ గుట్ట మీద మంట ఎట్ల నడుస్తదో చూసుకోండి, వెడల్పు సంగతి దాన్నిబట్టే. మంట ఎక్కుడు దిక్కు ఉరుకుతది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెండింతలు. దిగుడు దిక్కు మెల్లగ వస్తది. ఒడ్డు ఊర్లల్ల ఇంకోటి ఉంటది. పగలు గాలి నీళ్ల మీదినుంచి గుట్ట దిక్కు వీస్తది, పొద్దు గూకినంక గుట్ట మీదినుంచి నీళ్ల దిక్కు తిరుగుతది. అందుకే మధ్యాహ్నం మంట పైకి పోతుంటే "పాయె, మనకేం లేదు" అని జనం ఇండ్లకు పోతరు. అర్ధరాత్రి అదే మంట కిందికి మర్లుతది. దానికి తోడు కాలిన మొద్దులు దొర్లుకుంట వచ్చి గట్టు కింద పడి కొత్త మంట పెడతయి. పడమటి గాలి జోరుగ ఉన్న రోజు ఈ లెక్క తప్పొచ్చు, కాని మామూలు రోజుల్లో ఇట్లనే నడుస్తది. కావలి పెట్టాల్సింది రాత్రి తొమ్మిది నుంచి తెల్లారే దాకా.

గడ్డి తీసే వెడల్పు గడ్డి ఎత్తుకు మూడింతలకు తగ్గొద్దు. బోద ఆరడుగులుంటే కనీసం 20 అడుగులు. గుట్ట దిగే వాలు మొదట్లనైతే 30 పెట్టుకోండి. ట్రాక్టరు కల్టివేటరుతో ఒక సాలు తిప్పి అయిపోయిందనుకుంటరు, తప్పు అక్కడే. కల్టివేటరు గడ్డిని పెరికి మట్టి మీదనే పరుస్తది, ఎండినంక అది ఇంకా బాగ కాలుతది. రెండు సాళ్లు అడ్డంగ, రెండు నిలువుగ తిప్పి, పైకి తేలిన గడ్డిని దంతెతో ఊరి దిక్కుకే గుంజి ఎత్తేయండి. అడవి దిక్కు కుప్ప పెడితే మంటకు మెట్టు వేసినట్టే. రోటవేటరైతే మట్టితో కలిపేస్తది, మేలు. రాళ్ల గట్టు కాడ ట్రాక్టరు పోదు, అక్కడ పారలు, కొడవండ్లే. ఈ పని జనవరి ఆఖరుకు ఒకసారి, మార్చి మొదట్ల రాలిన మోదుగ, టేకాకు ఊడ్చేందుకు ఇంకోసారి. రెండోది ఎవ్వరూ చేయరు. గడ్డి తీసిన ఈ పట్టీనే గీత అంటం, మంట గీత దాటేది ఆ ఆకు మీదినుంచే.

ఇవన్నీ పట్టా భూమిలనే. రిజర్వు ఫారెస్టు లోపల మీరు గడ్డి కోసినా, గీత గీసినా కేసే. మీ దిక్కు అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తది, లోపలి ఫైర్ లైన్లు (మంట ఆపే గీతలు) డిపార్టుమెంటు వాళ్లే తీయాలె. ఎక్కడ పూడిపోయినయో ఫారెస్టు బీటాఫీసరుకు కాగితం మీద రాసివ్వండి, ఒక నకలు మీ కాడ ఉంచుకోండి.

ఎదురు మంట వద్దు. గాలి తిరిగే గంట తెలియకుండా పెడితే రెండు మంటలైతయి, నడుమ మీరుంటరు. పైగా 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షను కింద అభయారణ్యంల నిప్పు పెట్టడమే నేరం, ఎందుకు పెట్టినవని అడగరు.

ఐదు హెచ్‌పీ:

నీళ్ల సంగతి చెప్త. సాగర్ నిండితే సముద్ర మట్టానికి 590 అడుగులు, కనీస మట్టం 510. ఎండాకాలం మట్టం 530 దగ్గర ఉంటే, 600 అడుగుల ఎత్తుల ఉన్న ఊరికి 70 అడుగులు, అంటే 21 మీటర్లు ఎత్తాలె. అడ్డంగ ఒండ్రు మీద పరిచే పైపు పొడవు వేరే. రెండించుల పెట్రోలు పంపు మీద హెడ్ 25, 30 మీటర్లని రాసుంటది. ఆ హెడ్ కాడ పైపు కొసన చుక్క కూడా రాదు, అది పంపు తట్టుకునే ఆఖరి ఎత్తు. నిమిషానికి ఇన్ని వందల లీటర్లని రాసేది ఎత్తు లేనప్పటి లెక్క. కాబట్టి ఒడ్డు నుంచి నేరుగ మంట మీద కొడదామన్న ఆశ వదిలేయండి.

పంపును నీళ్లకు దగ్గర పెట్టి ట్రాలీ మీది ట్యాంకు నింపే పనికి వాడండి, దానికి రెండించుల పంపు చాలు. పంపు నీటి మట్టానికి ఐదారు మీటర్ల కంటే పైన ఉంటే గుంజదు. ఫుట్‌వాల్వు (నీళ్లల్ల ఉండే సక్షను పైపు కొస) ఒండ్రుల పడితే ఆ ఒండ్రు అరగంటల పంపు లోపలి ఇంపెల్లరును (తిరిగే రెక్కలను) తింటది, అందుకే పాత చేపల గంపల పెట్టి, గంపకు ఖాళీ క్యాను కట్టి అడుగున్నర లోతుల తేలించండి. సక్షను పైపు జాయింటుల గాలి పీల్చినా నీళ్లెక్కవు, సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించండి.

5,000 లీటర్ల ట్యాంకరు ఒడ్డుకు దిగితే ఒండ్రుల ఇరుక్కుంటది. "సగమే నింపుదం" అనేది ఇంకా ప్రమాదం, వాలు మీద నీళ్లు ఒక దిక్కు గుద్ది ట్యాంకరు బోల్తా పడుతది. 1,000 లీటర్ల సింటెక్సు ట్యాంకును ట్రాలీకి తాళ్లతో బిగించి, మూతి దాకా నింపండి. నీళ్లు వెనక్కి జరిగిన కొద్ది దిగే దారి మీద బండరాళ్లు, మొరం పరుచుకుంట పోవాలె, మార్చిల వేసిన దారి మే నెలల పనికి రాదు.

దీనికంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. గీత వెంబడి 50 అడుగులకొకటి 200 లీటర్ల డ్రమ్ము నింపి, మూత పెట్టి ఉంచండి. పురుగు మందు కొట్టే 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్లు ఊర్ల ఎట్లాగు ఉంటయి. మందు వాసన పోయే దాకా మూడు సార్లు కడిగి వాడుకోవాలె. పెద్ద మంటను అవి ఆపవు, గీత దాటిన చిన్న మంటను, పొగ లేస్తున్న మొద్దును ఆర్పడానికి వాటిని మించింది లేదు. కరెంటు మోటర్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు. మంట తీగల కిందికి వస్తే లైన్‌మన్ సప్లై బంద్ చేస్తడు, చేయాల్సిందే కూడా.

కృష్ణ ఒడ్డు:

చానా పనికొచ్చేవి చెప్పిన్రన్నా. ఉపగ్రహం నుంచి మెసేజీ వస్తదంటరు కదా, అది పెట్టుకుంటే కావలి అక్కర లేదా? ఆకు ఊదే బ్లోయరు కొనాల్నా?

బీటు దారి:

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల వన్ అగ్ని పోర్టల్‌ల పేరు నమోదు చేసుకోండి, డబ్బులేం లేవు. కాని అది కావలికి బదులు కాదు. ఆ ఉపగ్రహాలు మన మీదికి వచ్చేది సుమారు పగలు ఒకటిన్నరకు, రాత్రి ఒకటిన్నరకు. నాలుగు గంటలకు అంటుకున్నది రాత్రి దాకా కనపడకపోవచ్చు. ఉపగ్రహం చూసే ఒక్కో గడి 375 మీటర్లుంటది, చుక్క చూపించిన కాడనే మంట ఉంటదని ఉరకొద్దు. వరి కొయ్యలకు పెట్టిన మంట పట్టా భూమిల ఉంటే అడవి మంటగ లెక్కకు రాదు, గట్టు దాటి అడవికి అంటుకునేది అదే.

బ్లోయరు రాలిన ఆకు మీద బాగ పని చేస్తది, ఆకును కాలిన దిక్కుకు ఊదాలె. ఆరడుగుల బోద మీద వాడితే నిప్పురవ్వలను మీరే ఊరు దిక్కు తోలినట్టు. టూ స్ట్రోకుది అయితే ఆయిలు కలిపే లెక్క పుస్తకంల చూడండి. 50:1 అంటే లీటరుకు 20 మి.లీ., 25:1 అంటే 40. పోయినేటి కలిపిన పెట్రోలు ట్యాంకుల ఉంచితే కార్బురేటరు జిగట పట్టి, కావలసిన రోజు స్టార్టు కాదు. మంటను కొట్టే కొమ్మలకు కానుగ మంచిది, పచ్చిది, చేయంత పొడవు. ఎత్తి బాదొద్దు, రవ్వలు లేస్తయి. మంట మొదట్ల అదిమి పట్టి కాలిన దిక్కుకు గుంజాలె.

తాటివనం:

ఇప్పటిదాకా అందరూ నేల మీది మంట గురించే చెప్పారు. మన దిక్కు గీత దాటించేది తాటి చెట్టు. ఎండు మట్టలు మొదలు దాకా వేలాడుతుంటాయి, కింద గడ్డి అంటుకోగానే మంట తల మీదికి పాకుతుంది. నలభై అడుగుల ఎత్తులో మండే తలకు స్ప్రేయరు అందదు, రవ్వలు ఎంత దూరం పోతాయో చెప్పలేం. శివరాత్రికి ముందే కల్లు గీత కార్మికులతో మాట్లాడుకుని, ఊరికి దగ్గరున్న తాటిచెట్లకూ ఈదులకూ ఎండు మట్టలు తీయించి, మొదలు చుట్టూ ఆరడుగులు చెక్కించండి. చెట్టుకింతని కూలి ఇవ్వాలి, ఊరికే చేయమనడం న్యాయం కాదు.

ఇళ్ల మాట కూడా. బోద కప్పు మీద వాన కోసం వేసిన ప్లాస్టిక్ పట్టా ఎండాకాలం తీసేయండి. రవ్వ పడితే అది కరిగి కారుతూ లోపలున్నవాళ్ల మీద పడుతుంది. నడికొప్పు మీద తడి గోనె సంచులు వేయండి, ప్రతి గుడిసెకు ఒక నిచ్చెన ఆనించి ఉంచండి. సిమెంటు రేకులు వేడెక్కితే పటపటా పేలి ముక్కలు ఎగురుతాయి, కాలుతున్న రేకుల ఇంటి దగ్గరికి పోవద్దు. పశువుల పలుపులు విప్పేయడం మరిచిపోతారు, ఆ పని పేరు పెట్టి ఒకరికి అప్పజెప్పండి.

బీటు దారి గారితో ఒక్క దగ్గర పేచీ. రాత్రి కావలి సరే, కానీ మంట ఆరిందనుకున్న తర్వాత రెండు పగళ్లు కూడా మనిషి ఉండాలి. మొద్దు లోపల, వేరు వెంబడి నిప్పు కూర్చుని మర్నాడు మధ్యాహ్నం గాలికి లేస్తుంది. అరచేతి వెనక భాగం దగ్గరగా పెట్టి చూడండి, సెగ తగిలితే తవ్వి నీళ్లు పోసి కలపండి. మట్టి కప్పి వదిలేస్తే అది లోపలే రగులుతుంది.

వల గూడెం:

ఒడ్డు గుడిసెలోళ్లకు. నీళ్లు వెనక్కిపోతుంటే గుడిసె కూడా కిందికి జరుపుతరు, పాత జాగల మిగిలిన తుంగ, ఎండు గడ్డి అట్లనే ఉంటది. ఊరికీ గుడిసెకూ నడుమ అదే వత్తి. గుడిసె జరిపిన దినమే పాత జాగ చెక్కేయండి. వలలు నైలానువి, మండకముందే కరుగుతయి. ఒక్క రవ్వకు వలల పది కండ్లు (గడులు) పోతయి. పందిరి మీద ఆరేసిన వల రాత్రికి తీసి తడిపి పుట్టి కింద పెట్టండి, పుట్టి బోర్లేసి అంచు ఒండ్రుల దిగేయండి. తారు పూసిన పుట్టి కూడా అంటుకుంటది, అందుకే గడ్డి మీద పెట్టొద్దు. థర్మాకోల్ తెప్పలు గుడిసెకు ఆనిచ్చి పెట్టొద్దు.

మంట చుట్టుముడితే నిలబడే జాగ గడ్డి లేని ఒండ్రు, పుట్టి కాదు. పొగల, చీకట్ల పిల్లలను పుట్టిలెక్కించి లోపలికి పోతే మునిగేది ఎక్కువ, మొసళ్లు కూడా ఉన్నయి. గట్టిగున్న ఒండ్రు దారికి సున్నం పూసిన రాళ్లు పెట్టుకోండి, టార్చికి కనపడుతయి. తడి నూలు గుడ్డ ముక్కుకు కట్టాలె, పాలిస్టరు వద్దు.

పెద్ద రిజర్వాయరుకు బూడిదతోని ఏం కాదు గాని, గుట్ట కింద చిన్న చెరువులల్ల చేప పెంచేటోళ్లు చూసుకోవాలె. తొలకరికి బూడిద, మట్టి కలిసి వస్తది, నీటిల ప్రాణవాయువు పడిపోతది, తెల్లారగట్ల చేప మీదికి తేలి నోరు తెరుస్తది. వానకు ముందే వాగుకు అడ్డంగ మోకాలెత్తు రాతి కట్టలు రెండు మూడు వేయండి. మొదటి రెండు వానల నీళ్లు పోయినంకనే పిల్ల వదలండి. అలవాటుగ సున్నం చల్లొద్దు. బూడిదే క్షారం, పీహెచ్ 8.5 దాటి ఉంటే సున్నం ఇంకా పైకి తోలుతది. పీహెచ్ పట్టీతో చూసుకుని అప్పుడు నిర్ణయం.

దరఖాస్తు:

కాలినంక డబ్బుల సంగతి. అగ్ని ప్రమాదం సర్కారు విపత్తు సహాయ నిధి జాబితాల ఉంది. 2022–26 నియమాలల్ల ఉన్న లెక్క ఇది: పూర్తిగ కాలిన ఇంటికి మైదానంల 1,20,000, గుడిసెకు 8,000, పశువుల కొట్టానికి 3,000. పాడి బర్రెకు 37,500, మేకకు, గొర్రెకు 4,000. మత్స్యకారులకు పూర్తిగ పోయిన పడవకు 15,000, వలకు 4,000. బత్తాయి లాంటి తోటలకు మూడో వంతు కంటే ఎక్కువ దెబ్బ తింటే హెక్టారుకు 22,500. డ్రిప్పు పైపులకు వేరే పద్దు లేదు. తోట దెబ్బ కింద రాయించుకోండి.

101కు గాని 112కు గాని ఫోను చేసిన టైము రాసి పెట్టుకోండి, ఫైర్ స్టేషను రిపోర్టుకు అదే ఆధారం. తహసీల్దారు ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి ముద్ర వేసిన నకలు తీసుకోండి. పంచనామాల కాలిన వస్తువు పేరు, సంఖ్య ఉండాలె, "ఇంటి సామాను" అని రాస్తే ఏం రాదు. వల ముద్దగ కరిగినా పారేయొద్దు, సంఘం సభ్యత్వ కార్డు పక్కన పెట్టి ఫొటో తీయండి. సచ్చిన పశువును పశువుల డాక్టరు చూసి పోస్టుమార్టం కాగితం ఇచ్చే దాకా పూడ్చొద్దు. పశువు చెవి పోగు (చెవికి వేసే నంబరు బిళ్ల) నంబరు ఫొటోల కనపడాలె, పోగు కరిగిపోతే ఆ సంగతి కూడా పంచనామాల రాయించండి.