అప్‌డేట్: పాత హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) హామ్ రేడియో సెట్‌లో ట్రాన్స్‌మిట్ పవర్ రాని సమస్య తీరింది

కొత్త సెట్ ధరలు అందక, నా పాత 10 వాట్ల సెట్‌కి 2ఎస్‌సి1969 ఫైనల్ ట్రాన్సిస్టర్లు (యాంటెన్నాకి పవర్ పంపే చివరి దశవి) ఎక్కడ దొరుకుతాయని నెల కిందట అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. అసలు ఫైనల్స్ పోనేలేదు! "రిసీవ్ కూడా తగ్గిందా? ఒకసారి పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కి వదిలితే మళ్లీ వినిపిస్తోందా?" అని అడిగినాయన అనుమానమే నిజమైంది. తెలిసిన పెద్దాయనొకరు మూత తీసి, స్క్రూడ్రైవర్ పిడితో యాంటెన్నా రిలేని (యాంటెన్నాని రిసీవ్‌కి, ట్రాన్స్‌మిట్‌కి మార్చే స్విచ్) మెల్లగా తట్టగానే మీటర్ ముల్లు లేచింది. లోపల కాంటాక్టులు నల్లబడిపోయాయి. కొత్త 12 వోల్టుల రిలేకి రూ.140 అయింది, అంతే. కోయాక్స్ (యాంటెన్నా కేబుల్), పవర్ సప్లై బాగానే ఉన్నాయి, వాటికి దీనితో సంబంధం లేదు. ఆ ట్రాన్సిస్టర్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు అమ్మేవాటిలో నకిలీలు చాలా ఉన్నాయి. దయచేసి వాటికి డబ్బు పోసేముందు రిలే చూసుకోండి. 73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).