సాయంత్రం బడి వాలంటీర్లకు పైసలియ్యాలా, వద్దా?

మర్రిగూడ మాస్టారు:
మా ఊళ్ల పాత పంచాయతీ గదిలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్తున్నం. అమ్మానాయనలు పట్నం పనికి పోతే నాయనమ్మల కాడ, అమ్మమ్మల కాడ ఉండే పిల్లలే ఎక్కువ. చెప్పేది డిగ్రీ చదివే పిల్లలు, ఒకరిద్దరు పెద్దమనుషులు. దుబాయ్‌ల ఉన్న మా ఊరాయన చెప్పేటోళ్లకు నెలకింత అని ఇస్తనంటున్నడు. పైసలొస్తే ప్రేమ పోతదని మాలో సగం మంది వద్దంటున్నరు. మీరేమంటరు?

పాలమూరు బిడ్డ:
ఇయ్యాలె. కచ్చితంగా ఇయ్యాలె. మా నాయన మేస్త్రి ఎంబడి పుణె పోయిండు, బొంబాయి పోయిండు. అసుంటి ఇంట్ల పిల్లను ‘ఊరి కోసం రా’ అంటే మిషన్ కుట్టుకునే టైం పోతది. ఊరికే చెయ్యమంటే చివరికి ఇల్లు గడిచేటోళ్లే మిగులుతరు. 2006ల ఉపాధి హామీ మొదలుపెట్టిన జిల్లాలల్ల పాలమూరు, నల్లగొండ రెండూ ఉన్నయ్. మా అమ్మ ఆ పనికి పోయింది, కూలి తీసుకున్నది. ఆమె మంచాన పడితే వారం రోజులు మాకు వండిపెట్టింది ఆ పనికాడి సోపతులే. పైసలు ముట్టినయని వాళ్ల మధ్య మాట తగ్గలే.

నకిరేకల్ కోడలు:
తమ్ముడూ, నువ్వు చెప్పింది కాదనను. కానీ మా దగ్గర జరిగింది విను. ఒక సంస్థ వాళ్లు గౌరవ వేతనం ఇచ్చి ఇట్లాంటి బడే నడిపిన్రు. ప్రాజెక్టు అయిపోయింది, జీతం ఆగింది, మర్నాటి నుంచి చెప్పేటోళ్లు రాలే. పిల్లలకు ఎవరూ చెప్పలే. సంచులు ముందర పెట్టుకొని తాళం వేసిన తలుపు కాడ కూర్చున్నరు. రెండో తరగతి పిల్ల ‘అక్కకు మేం నచ్చలేదా’ అని అడిగింది. ఎవరి పైసలతోని మొదలుపెట్టినా, ఆగిపోయిన నాడు ఆ పిల్లకు ఏం చెప్తరో ముందే ఆలోచించుకోన్రి.

కోదాడ సురేష్:
పెట్రోల్ ఖర్చు, టీ ఖర్చు ఇస్తే చాలు. జీతం అనకండి.

భువనగిరి పాఠకుడు:
సేవకు వెల కట్టకూడదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిల వినోబా అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చిన్రు. భూదానం మన గడ్డ మీదనే పుట్టింది. ఏమీ ఆశించకుండా ఇచ్చినందుకే కదా ఇయ్యాల్టికీ చెప్పుకుంటున్నం?

చండూరు దిక్కు:
సార్, ఆ రోజు మాకు భూమి కావాలని నోరు తెరిచి అడిగినోళ్లు ఆ ఊరి దళితులు. అడిగింది 80 ఎకరాలు. ఇచ్చినాయన పేరు అందరికీ తెలుసు. అడిగినోళ్ల పేర్లు మనలో ఎందరం చెప్పగలం? నా బాధ అదే. ఇచ్చేటోడు ఎప్పుడూ ఒక దిక్కు, తీసుకునేటోడు ఎప్పుడూ ఇంకో దిక్కు ఉంటే, పైసలిచ్చినా ఇయ్యకున్నా మనుషులు కలవరు.

మా ఊళ్ల ఒక తాత ఉన్నడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దనే ఫ్లోరైడ్, అంతకు ఎన్నో రెట్లున్న బోరునీళ్లు తాగి పెరిగిన మనిషి. మెడ బిగుసుకపోయింది. పక్క నుంచి ఎవరన్న పిలిస్తే తల ఒక్కటే తిప్పలేడు, నడుం కాడికెల్లి ఒళ్లంతా తిరగాలె. ఏటేటా యువజన సంఘం పోరగాళ్లు దుప్పటి ఇచ్చి, ఫోటో దిగి పోయేది. తాత ఒక్క మాట మాట్లాడకపోయేది. మా సాయంత్రం బడిల ఎక్కాలు చెప్పనీకి మనిషి దొరకక ఆయన్ను అడిగినం. ఇప్పుడు పిల్లలను కుడి పక్క కూర్చోనియ్యడు, ఎదురుంగనే కూర్చోమంటడు. పదమూడో ఎక్కం తప్పితే మళ్లీ మొదటికెల్లి చెప్పిస్తడు. రాని పిల్ల ఇంటికి కర్ర పట్టుకొని పోయి అడుగుతడు. ఆ పిల్లలే ఆయనకు మందుల చిట్టీ చదివి పెడుతరు.

నాట్లప్పుడు ఇయ్యాల నీ పొలానికి నేనొస్త, రేపు నా పొలానికి నువ్వు రా అని మన ఆడోళ్లు బదులు పోతరు సూడుండ్రి, అందులో ఉన్న చనువు వేరే. చేసిన పని తిరిగొస్తది కాబట్టి ఎవరూ తక్కువ కారు. మాస్టారు, మీ బడిల నాయనమ్మలకు ఏం పని చెప్పిన్రు? పాటలు రావా, కథలు రావా? దుబాయ్ ఆయన పైసలు తీసుకోన్రి. డిగ్రీ పిల్లలకు సిగ్గు లేకుండ ఇయ్యున్రి. కానీ ఆ గదిలకు ముసలోళ్లను కూడా పిలువున్రి.

పాలమూరు బిడ్డ:
ఇది నాకు నచ్చింది అన్నా. పైసల మాట మీద మాత్రం నేను తగ్గ.

నకిరేకల్ కోడలు:
తాత సంగతి చదివి మా మామకు కూడా చదివి వినిపించిన. మాస్టారూ, ఇంకొకటి. 2023 డిసెంబర్ నుంచి మాకు పల్లెవెలుగు ఫ్రీయే, కానీ పొద్దుగూకినంక మీ దిక్కు బస్సు ఉంటదా? చెప్పనీకి వచ్చే ఆడపిల్లలు ఇంటికి ఎట్ల పోతున్నరు? ముందు ఆ పైసలతోని ఒక ఆటో మాట్లాడున్రి.