సోంగో మ్నారా శిథిలాలకు బురదలో దిగకుండా చేరడానికి ఏ తిథి మంచిది?

దార్ ఎస్ సలాంలో ఉంటున్నాం. టాంజానియా దక్షిణ తీరంలోని కిల్వా కిసివాని, సోంగో మ్నారా దీవుల్లోని శిథిలాలను 1981లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. కిల్వా కిసివాని తేలికగానే చూశాం. ఎదురుగా ప్రధాన భూభాగం మీదున్న కిల్వా మసోకో పట్టణంలో అనుమతి పత్రం తీసుకుని, పడవలో దాటి, పెద్ద మసీదు, హుసుని కుబ్వా అనే పాత రాజభవనం రెండూ తిరిగాం. 1331లో ఇబ్న్ బతూతా చూసిన ఊరు అది. ఆ పగడపు రాతి గుమ్మటాల కింద ఎంతసేపు నిలబడినా తనివి తీరలేదు.

చిక్కంతా సోంగో మ్నారాతోనే. పౌర్ణమి నాడు ఉదయం 8 గంటలకు తెరచాప పడవలో బయలుదేరాం. 10 దాటాక చేరేసరికి సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉంది. మడ చెట్ల మధ్య మోకాళ్ల లోతు బురదలో నడవాలన్నారు. మా అమ్మకు మోకాలి శస్త్రచికిత్స అయింది, ఆవిడ వల్ల కాలేదు. గోడలను దూరం నుంచి చూసి తిరిగొచ్చాం.

తర్వాత ఆటుపోట్ల పట్టిక చూశాను (ముందే చూడాల్సింది!). పౌర్ణమి, అమావాస్యలకు పోటు సాయంత్రం 4 దాటాక వస్తోంది, అప్పుడు వెళ్తే తిరుగు ప్రయాణం చీకట్లోనే. అష్టమి ప్రాంతంలో ఉదయం 10కి వస్తోంది గానీ, ఆ రోజుల్లో నీరు అంత ఎత్తుకు లేవదు. పడవవాళ్లను అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు.

అష్టమి, నవమి రోజుల్లో వెళ్లినవారెవరైనా ఉంటే చెప్పండి: ఆ పోటుకు పడవ గట్టి నేల దాకా వెళ్తుందా?