ఆంగ్ల ప్రసంగంలో ముందు గొంతు సరిచేయాలా, చూపూ చేతులా?

అందరికీ నమస్కారం. ఆంగ్లం నేర్చుకుంటున్న పెద్దవాళ్లకు ప్రసంగించడంలో శిక్షణ ఇస్తున్నాను. వ్యాకరణం గురించి నాకంత దిగులు లేదు, చిక్కంతా చెప్పే తీరులోనే.

ఒకావిడ కూర్చుని మాట్లాడితే నవ్వుతూ, చేతులు తిప్పుతూ చక్కగా చెబుతారు. లేచి నిలబడ్డారా, వేళ్లు కాగితం అంచున బిగుసుకుపోతాయి, చూపు పైకప్పుకు అతుక్కుంటుంది, ప్రతి అక్షరమూ ఒకే బరువుతో పడుతుంది. ‘రికార్డ్’ నామవాచకమైతే ఊనిక (నొక్కి పలకడం) మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో దాని మీద అని ఆవిడకు తెలుసు. వేదిక మీద మాత్రం రెండూ ఒకటే. మాట కోసం వెతుక్కుంటూ వాక్యం మధ్యలో ఆగిపోతారు, ఆగాల్సిన చోట పరుగెడతారు.

పదాలు వెతకడానికే ధ్యాసంతా ఖర్చయిపోతోందని నా అనుమానం. ఊనిక, విరామాలతో మొదలుపెట్టాలా, చూపూ చేతులతోనా? వీడియో తీసి ఒకసారి శబ్దం లేకుండా చూపించి, మరోసారి బొమ్మ లేకుండా వినిపించే పద్ధతి ఎవరైనా ప్రయత్నించారా? (అద్దం ముందు సాధన మాత్రం చెప్పకండి, ఇంకా బిగుసుకుపోతారు.) మార్కులు వేసేటప్పుడు కళ్లలోకి చూడటానికి ఎంత విలువ ఇస్తారు? పెద్దల కళ్లలోకి సూటిగా చూడటం మర్యాద కాదని నేర్చుకుని పెరిగినవాళ్లూ ఉంటారు కదా.