సర్వేలో అందరూ "అవును" అంటున్నారు, ఏ స్కేల్ వాడాలి?

ప్రశ్న: ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థిని, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. ఉద్దానం పల్లెల్లో ఆడవాళ్లకు కొళాయి నీళ్ల మీద ఎంత నమ్మకం ఉందన్నది నా ప్రాజెక్టు. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీళ్లు వస్తున్నా, చాలా ఇళ్లలో ఇంకా టిన్ను నీళ్లు కొంటున్నారు. ఎందుకన్నది తెలుసుకోవాలని నా ఆశ.

లికర్ట్ స్కేల్ అని 12 వాక్యాలు రాసుకున్నాను. "కొళాయి నీళ్లు సురక్షితమైనవి", "ఈ నీళ్ల నాణ్యతపై నాకు విశ్వాసం ఉంది", ఇలా. జవాబులు ఐదు: పూర్తిగా అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను, తటస్థం, విభేదిస్తున్నాను, పూర్తిగా విభేదిస్తున్నాను. కవిటి మండలంలో ఒక ఊళ్లో 20 మందిని అడిగి చూశాను. కొందరు పన్నెండింటికీ "అంగీకరిస్తున్నాను", కొందరు పన్నెండింటికీ "పూర్తిగా". ఒకావిడ అరుగు మీద కూర్చుని అన్నిటికీ "మంచివే అమ్మా" అంది. చివర్లో నేను దాహమడిగితే లోపలికెళ్లి, టిన్ను వంచి గ్లాసు నింపి తెచ్చింది. కొళాయి ఆ వాకిట్లోనే ఉంది.

ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.91 వచ్చింది (1 కి దగ్గరైతే మంచిదంటారు). గైడ్ గారు బాగుందన్నారు, కాకపోతే ఐదు పాయింట్లకు బదులు ఏడు పెట్టమన్నారు. ఒక సీనియర్ 0 నుంచి 10 మంచిదన్నారు. ఇంకొకరు థర్‌స్టన్, గట్‌మన్ అని వేరే స్కేళ్ల పేర్లు చెప్పారు. నాకు మాత్రం ఆ గ్లాసే కళ్ల ముందు మెదులుతోంది. నెల రోజుల్లో 200 ఇళ్లు పూర్తి చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఏది వాడాలో చెప్పగలరా?

జవాబు: సర్వే సూపర్‌వైజర్, విజయనగరం

అమ్మా, ముందు ఆ గ్లాసు సంగతి మీ నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసి పెట్టుకోండి. మీ 20 ఫారాల్లో లేని నిజం అందులో ఉంది.

ఐదా, ఏడా, పదా అన్నది తర్వాత చూద్దాం. "అంగీకరిస్తున్నాను" అన్న మాట దగ్గరే తేడా వస్తోంది. చదువుకున్న అమ్మాయి ఎండలో నడిచి ఇంటికొచ్చి, కాగితం చూసి ఒక వాక్యం చదివితే, "కాదు" అని మొహం మీద అనడం మన పల్లెల్లో మర్యాద కాదు. పైగా మీరు సచివాలయం నుంచి వచ్చారేమో, పింఛనుకో పథకానికో అడ్డొస్తుందేమో అన్న అనుమానం ఒకటి ఉంటుంది. అందుకని ఏం చదివినా ఔనంటారు. ఇది మన ఊళ్లకే పరిమితం కాదు, అంగీకారం అడిగే ప్రశ్నలన్నిటికీ ఉన్న జబ్బే. విషయాన్ని నేరుగా అడిగితే ఈ జబ్బు బాగా తగ్గుతుంది.

నేరుగా అంటే ఇలా. "ఈ కొళాయి నీళ్లు తాగాలంటే మీకు ధైర్యంగా ఉంటుందా, భయంగా ఉంటుందా, అటూ ఇటూ కాకుండా ఉంటుందా?" ఆవిడ "భయమే" అంటే అప్పుడు రెండో ప్రశ్న: "కొంచెమా, ఒక మాదిరా, చాలానా?" ధైర్యం అన్నా ఇదే రెండో ప్రశ్న. అటు మూడు, ఇటు మూడు, మధ్యలో ఒకటి, మొత్తం ఏడు. మీ గైడ్ గారు అడిగిన ఏడు పాయింట్లు ఇవే. ఏడు మాటలు ఒకేసారి చదివి వినిపిస్తే ఎవరికీ గుర్తుండవు. రెండుసార్లు మూడేసి అడిగితే అరవై ఏళ్ల ముసలమ్మ కూడా తడుముకోకుండా చెబుతుంది.

"కొంచెం, బాగా, చాలా" అని మాత్రం పెట్టకండి. ఒకసారి మేం అలా పెట్టి ఇబ్బంది పడ్డాం. "బాగా భయం" పెద్దదా, "చాలా భయం" పెద్దదా అని పదిమందిని అడిగితే సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా చెప్పారు. ఇంగ్లీషు స్కేలును తెలుగులోకి మార్చేటప్పుడు వాక్యాల కంటే ఈ కొలత మాటలే మనల్ని ఎక్కువ మోసం చేస్తాయి. "తటస్థం" అయితే పూర్తిగా తీసేయండి, అది పేపర్లలో మాట. "ఏటి చెప్పగలనమ్మా" అని ఎవరైనా అంటే దాన్ని మధ్య గడిలో వేసేయకండి. ఆ నీళ్లు ఎప్పుడూ తాగి ఉండకపోవచ్చు, తెలియకపోవచ్చు, చెప్పడం ఇష్టం లేకపోవచ్చు. "తెలియదు" కు, "చెప్పలేదు" కు వేరే గడులు ఉండాలి.

ఇక లికర్ట్ గురించి ఒక్క మాట. రెన్సిస్ లికర్ట్ 1932లో ఈ పద్ధతిని ప్రచురించారు. అందరూ లైకర్ట్ అంటారు గానీ, ఆయన తన పేరును లికర్ట్ అనే పలికేవారు. ఒక వాక్యం కింద ఐదు గడులు గీస్తే అది లికర్ట్ స్కేల్ అయిపోదు. ఒకే భావనను వేర్వేరు వైపుల నుంచి తడిమే పలు ప్రశ్నలు వేసి, మార్కులన్నీ కలిపితే వచ్చేది స్కేల్. కాబట్టి మీ పన్నెండిటినీ రుచి, భయం, సరఫరా, అధికారుల మీద నమ్మకం అని కలగాపులగం చేయకండి. నమ్మకం ఒక్కటే తీసుకుని ఆరు ప్రశ్నలు గట్టిగా రాయండి, చాలు.

జవాబు: గణాంక శాస్త్రం లెక్చరర్, విజయనగరం

ఆల్ఫా 0.91 చూసి ధైర్యపడొద్దు. లీ క్రోన్‌బాక్ 1951లో ఇచ్చిన ఆ లెక్క, ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి కదులుతున్నాయో చెబుతుంది. అవి దేన్ని కొలుస్తున్నాయో చెప్పదు. మీ వాక్యాలు పన్నెండూ నీళ్లను మెచ్చుకునేవే. ఒకరు అన్నిటికీ 4, ఇంకొకరు అన్నిటికీ 5, మరొకరు అన్నిటికీ 3 అంటే ప్రశ్నలన్నీ కలిసే కదులుతాయి, ఆల్ఫా ఆకాశానికి వెళ్తుంది. మీరు కొలిచింది ఆవిడ మర్యాదను.

దీనికి విరుగుడుగా సగం ప్రశ్నలను ఎదురు దిక్కుకు తిప్పమని పుస్తకాలు చెబుతాయి. తిప్పండి, కానీ "కాదు", "లేదు" చేర్చి తిప్పకండి. "కొళాయి నీళ్లు సురక్షితం కావు అన్నదానితో నేను విభేదిస్తున్నాను" అన్న వాక్యం ఎవరికి అర్థమవుతుంది? వ్యతిరేకార్థం ఉన్న మాటే వాడండి: భయం, అనుమానం, వెగటు. లెక్క వేసేటప్పుడు తిప్పిన ప్రశ్నల మార్కులను వెనక్కి తిప్పడం మరిచిపోవద్దు. ఐదు పాయింట్లయితే 6 లోంచి, ఏడు పాయింట్లయితే 8 లోంచి తీసేయాలి. ఏటా కనీసం ఇద్దరు విద్యార్థులు ఇది మరిచిపోయి, ఆల్ఫా మైనస్‌లో వచ్చిందని పరుగెత్తుకుని వస్తారు.

సగటు తీయొచ్చా అన్న సందేహం మీకు రేపు వస్తుంది. ఒక్క ప్రశ్నకైతే మధ్యగతం (జవాబులను వరసలో పెడితే నడిమధ్యన వచ్చేది), శాతాలు ఇవ్వండి. రెండు ఊళ్లను పోల్చాలంటే, సగటులతో పని లేకుండా జవాబుల వరసను బట్టి పోల్చే మాన్-విట్నీ పరీక్ష చేయండి. ఆరు ప్రశ్నల మొత్తానికైతే సగటు తీయడం ఎక్కువమంది ఒప్పుకునే పద్ధతే.

జవాబు: ఆశా కార్యకర్త, సోంపేట వైపు

నాకు మీ లెక్కలు తెలియవమ్మా. కానీ రోజూ ఈ ఇళ్లకే తిరుగుతాను కాబట్టి రాస్తున్నాను. మా దగ్గర కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని డాక్టర్లే ఇంకా గట్టిగా తేల్చలేదు, జనం మాత్రం ఏళ్ల తరబడి నీళ్లనే అనుమానిస్తున్నారు. డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఉన్న ఇంట్లో "నీళ్లంటే భయమా" అని అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడగండి. ఆ ఇంట్లో అది సర్వే ప్రశ్నలా వినపడదు.

పెద్దవాళ్లను అడగాలంటే నాదో ఉపాయం. మా అత్తగారి వయసు వాళ్లు "రూపాయికి పావలా నమ్మకం", "ముప్పావలా నమ్మకం" అని ఇట్టే చెప్పేస్తారు. సున్నా, పావలా, అర్ధ, ముప్పావలా, రూపాయి. అడిగి చూడండి.

సర్వే సూపర్‌వైజర్

మేడమ్ చెప్పింది చాలా విలువైన మాట. మనకు పదహారణాల లెక్క ఒంట్లోనే ఉంది, మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం కూడా సమానం. ఇంగ్లీషు స్కేలుకు మాటల్లో అంత సమదూరం రాదు. వేరే విషయమైతే నేను కళ్లు మూసుకుని ఇదే వాడమనేవాడిని. నీళ్ల విషయంలో మాత్రం నాకు భయముంది. టిన్ను నీళ్లు డబ్బు పెట్టి కొనేవి కదా, రూపాయి అనగానే మనసు ధర మీదికి పోతుంది. పైగా పావలా నాణెం 2011లోనే చెల్లుబాటు కాకుండా పోయింది, కొత్త కోడళ్లకు ఆ లెక్క అంత చురుగ్గా తగలదు. దాని బదులు చింతపిక్కలు వాడండి. ఆరు పిక్కలు చేతిలో పెట్టి, నమ్మకం ఎంతుంటే అన్ని పళ్లెంలో వేయమనండి. సున్నా నుంచి ఆరు, అదీ ఏడు పాయింట్లే. పది పిక్కలు ఇస్తే వేసేవాళ్లు ఐదు దగ్గర, పది దగ్గర ఆగిపోతారు, మధ్యవి వృథా. మీ సీనియర్ చెప్పిన 0 నుంచి 10 ఫోన్లో చదువుకున్నవాళ్లను అడగడానికి బాగుంటుంది, అరుగు మీద కాదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

సార్, మేడమ్, చాలా చాలా థాంక్స్. మరి థర్‌స్టన్, గట్‌మన్ సంగతి? వైవాలో అడుగుతారని భయంగా ఉంది.

సర్వే సూపర్‌వైజర్

థర్‌స్టన్ పద్ధతి నెల రోజుల్లో అయ్యేది కాదు. 1929లో ఆయన, చేవ్ అనే ఇంకో పరిశోధకుడు కలిసి చర్చి పట్ల వైఖరిని కొలవడానికి 130 వాక్యాలను 300 మంది చేత 11 కుప్పలుగా వేయించి, చివరికి 45 వాక్యాలు ఉంచుకున్నారు. మీరు అందులోంచి ఒక్క ముక్క దొంగిలించండి. మీ వాక్యాలను ఒక్కోటీ ఒక్కో చీటీ మీద రాసి, ఆ ఊరి ఆడవాళ్లే పదిమంది చేత "నీళ్లను మెచ్చుకున్నట్టు, తిట్టినట్టు, రెండూ కానట్టు" మూడు కుప్పలు వేయించండి. చదవలేని వాళ్లకు చదివి వినిపించండి. ఏ చీటీ ఒకరి దగ్గర ఒక కుప్పలో, ఇంకొకరి దగ్గర ఇంకో కుప్పలో పడుతుందో అది చింపేయండి. ఒక పూట పని.

గట్‌మన్ మాత్రం మీ కోసమే పుట్టిందనిపిస్తోంది. లూయీ గట్‌మన్ ఆలోచన మెట్ల లాంటిది. పై మెట్టెక్కినవాళ్లు కింది మెట్లన్నీ ఎక్కే ఉంటారు. నీళ్లకు మెట్లు చూడండి: గిన్నెలు తోమడానికి, స్నానానికి, అన్నం వండటానికి, పెద్దవాళ్లు తాగడానికి, చంటిబిడ్డకు పట్టడానికి. అన్నం వరకు ఒప్పుకుని తాగడం దగ్గర ఆగిన మనిషికి మూడు మార్కులు. ఆవిడ నమ్మకం ఎక్కడ తెగిందో కూడా అక్కడే కనిపిస్తుంది. మీకు గ్లాసు తెచ్చిచ్చిన అమ్మ బహుశా మూడో మెట్టు మీద ఉంది.

ఇక్కడ ఒక మెలిక. "వాడతారా" అని అడిగితే మెట్లు కూలిపోతాయి. కొళాయి గంటసేపే వచ్చే ఊళ్లో ఆ నీళ్లు తాగడానికి దాచి, గిన్నెలకు బోరు వాడతారు. పై మెట్టు ఔను, కింది మెట్టు కాదు అవుతుంది. టిన్ను నీళ్లకైతే ఇంకా తలకిందులు, డబ్బు పోసి కొన్నవాటితో గిన్నెలు ఎవరు తోముతారు? అందుకని "వాడటానికి మనసొప్పుతుందా" అని అడగండి. మీరు కొలవాల్సింది కూడా మనసునే కదా.

గణాంక శాస్త్రం లెక్చరర్

మెట్లు నిలిచాయో లేదో చూడటానికి లెక్క తేలిక. మెట్ల వరసకు తేడాగా వచ్చిన జవాబులెన్నో లెక్కపెట్టి, మొత్తం జవాబులతో భాగించి, ఒకటిలోంచి తీసేయండి. 0.90 దాటితే స్కేల్ నిలిచినట్టు. కానీ అందరూ ఔననే మెట్టు ఉంటే ఈ అంకె ఊరికే పెరిగిపోతుంది. గిన్నెలు తోమడానికి నూటికి నూరుగురూ ఔనంటే ఆ మెట్టు తీసేయండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని (పది రోజుల తర్వాత)

మళ్లీ వెళ్లాను. ఈసారి కవిటి కాదు, వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరు. ఎవరి సిఫార్సూ లేకుండా, కాలేజీ ఐడీ కార్డు చూపించి 15 మందిని అడిగాను. ధైర్యమా, భయమా అని రెండు విడతల్లో అడిగితే ఏడు గడుల్లో ఆరింటిలో జవాబులు పడ్డాయి. మొదటి సర్వేలో రెండే నిండాయి. మెట్ల ప్రశ్నకు మొత్తం 75 జవాబుల్లో 4 మాత్రమే వరస తప్పాయి, లెక్క వేస్తే 0.95. అయితే గిన్నెల మెట్టుకు 15 మందీ ఔనన్నారు, లెక్చరర్ గారు చెప్పినట్టు తీసేశాను. నాలుగు మెట్లతో మళ్లీ వేస్తే 60 జవాబుల్లో అవే 4, అంటే 0.93.

ఎక్కువమంది చంటిబిడ్డ మెట్టు దగ్గరే ఆగారు. ఒక నాయనమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, "మేం తాగీగలం తల్లీ, దీనికి మాత్రం పట్టలేం" అంది. చింతపిక్కలు ఆరిస్తే నాలుగు పళ్లెంలో వేసి, కాసేపు చూసి, ఒకటి వెనక్కి తీసుకుంది. ఫారంలో 3 అని రాశాను, వెనక్కి తీసిన సంగతి పక్కన రాశాను.

గైడ్ గారు ఒప్పుకున్నారు. సోమవారం నుంచి మొదలుపెడుతున్నాను.

సర్వే సూపర్‌వైజర్

పక్కన రాయడం చాలా మంచి పని చేశారు, 200 ఇళ్లకూ ఆ గడి ఒకటి ఖాళీగా ఉంచండి. ధైర్యం ముందు, భయం తర్వాత అని అన్ని ఇళ్లలో ఒకే వరసలో అడగొద్దు, సగం ఫారాల్లో తిప్పి ప్రింట్ తీయించండి. పిక్కలు రెండు జతలు పట్టుకెళ్లండి, పిల్లలు ఆడుకోవడానికి పట్టుకుపోతారు.