ఈ వారం సమస్య: లేనివానితోడ లేచిపోయె

నిర్వాహకుడు, నల్లగొండ:
ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం ఇచ్చాను. లేని, వాని, తోడ, లేచి, పోయె: అయిదూ సూర్యగణాలే, ఇక్కడ గురువు (పొడుగు అక్షరం), లఘువు (పొట్టి అక్షరం) జంటలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం, లే–లే. మిగతా మూడు పాదాలు రాసి పూరణ చేయడం మీ పని, లేని మనిషితో లేచిపోవడం ఎట్లా కుదిరిందో అందులో విప్పాలి. ఒక్కటే షరతు. చిన్నప్పుడు కథలోనో నవలలోనో తెరమీదో ఉన్నవాళ్ళను చూసి మనసు పారేసుకున్న ముచ్చట రావాలి. పెద్దరికం పక్కన పెట్టి రాయండి.

గద్వాల పెద్దాయన:
సమస్య బాగుంది కానీ 'లేచిపోయె' అనే మాట పద్యంలో ఏం శోభిస్తుంది? ఇంట్లో మనవరాలికి చదివి వినిపించాలంటే ఇబ్బందిగా ఉంది.

దేవరకొండ టీచరమ్మ:
అయ్యగారూ, రుక్మిణి చేసిందేమిటండీ మరి? కృష్ణుణ్ణి కంటితో చూడనే లేదు. ఇంటికి వచ్చినవాళ్ళు చెప్పుకుంటుంటే విని మనసిచ్చింది. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడితో కబురంపి, గుడి దగ్గర రథం ఎక్కింది. ఆ రుక్మిణీ కల్యాణం పద్యాలను పెళ్ళి కాని పిల్లలచేత ఇంట్లోవాళ్ళే చదివిస్తారు కదా! తేడా ఒక్కటే, ఆమెకు కృష్ణుడు వచ్చాడు, మనకెవరూ రాలేదు. నా పూరణ చూడండి.

కత్తి చేతఁ బట్టి కాటిలో నడిచిన
రాజుఁ జూచి మురిసె రాత్రి మనసు
పుటలు మూయకుండఁ బొద్దుపోయినదాక
లేనివానితోడ లేచిపోయె

నాకు తొమ్మిదేళ్ళు. చందమామలో శంకర్ గారు గీసిన విక్రమార్కుడి బొమ్మ ఉండేది కదా, భుజాన శవం, చేతిలో కత్తి. అందరికీ బేతాళుడంటే భయం. నాకు మాత్రం ఆ రాజు మౌనం మీద ప్రేమ. మా ఇంట్లో మగవాళ్ళందరూ అరిచేవాళ్ళే మరి.

నిర్వాహకుడు:
గణాలు, యతులు సరిపోయాయి. రెండో పాదంలో 'రాత్రి', మూడో పాదంలో 'పొద్దుపోయినదాక', ఒకే పని రెండు మాటలతో చేయించారు. యతి కోసం వచ్చి కూర్చున్న మాట అది. 'రాజుఁ జూచి చిట్టి రాణి మనసు' అంటే యతీ నిలుస్తుంది, మనసు ఎవరిదో కూడా తెలుస్తుంది.

దేవరకొండ టీచరమ్మ:
నేను రాణినా! పలక మీద ఉమ్మి వేసి తుడిచేదాన్ని. సరే, మార్చాను.

మిర్యాలగూడ మిల్లు గుమస్తా:
మా దగ్గర లెక్క వేరే.

నవలఁ జదివి పెరిగి నాల్గు కార్లను గోరి
కలల మేడఁ గట్టె కన్నెపిల్ల
సైకిలెక్కి వచ్చె సరసుఁడు, గవ్వయు
లేనివానితోడ లేచిపోయె

జడ్చర్ల డిగ్రీ పిల్ల:
మూడో పాదంలో యతి తప్పింది కదా అన్నా? 'సై'కి 'స' ఎట్లా కుదురుతుంది?

మిర్యాలగూడ మిల్లు గుమస్తా:
కుదురుతుందమ్మా. అ, ఆ, ఐ, ఔ ఒక్క గుంపు. సైలో ఉన్నది ఐ, సలో ఉన్నది అ. నేను కూడా భయపడి పుస్తకం తీసి చూసుకున్నాకే పెట్టిన.

గద్వాల పెద్దాయన:
ఇది పూరణంటే! 'గవ్వయు' అని మూడో పాదం చివర ఆపి, 'లేనివాని'ని పేదవాణ్ణి చేశాడు. ఆ విరుపు దగ్గరే సమస్య విడిపోయింది. మొదటి పద్యం చక్కగా ఉంది కానీ సమస్యను విప్పలేదు, దాన్ని ఒప్పుకుంది. ఇక్కడ తిప్పాడు. నాకున్న ఫిర్యాదు 'సరసుఁడు' ఒక్కటే. సైకిల్ మీద వచ్చినవాడికి ఆ పట్టుబట్ట మాట నప్పలేదు.

నిర్వాహకుడు:
అయితే అయ్యగారికి లేచిపోవడంతో రాజీ కుదిరినట్టే!

గద్వాల పెద్దాయన:
రుక్మిణి పేరు చెప్పి నా నోరు మూయించారు కదా. అదీగాక 'లేదు' అన్న మాట మన పాలమూరు వాళ్ళకు కొత్త కాదు. తెలంగాణలో కవులే లేరంటే సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక వేసి లెక్క చూపించారు. లేనివాళ్ళను ఉన్నవాళ్ళను చేయడం మనకు అలవాటే.

జడ్చర్ల డిగ్రీ పిల్ల:
నేను పద్యం రాయడం ఇదే మొదటిసారి. తిట్టకండి.

టీవీ వీరుడు తెరదాటి రాకపోయె
బడికిఁ బోవు దారి బస్సు తప్పె
ఒళ్ళు బల్లమీద నుండెను మనసేమొ
లేనివానితోడ లేచిపోయె

నిర్వాహకుడు:
చివరి రెండు పాదాలు చదివి లేచి నిలబడ్డాను. 'మనసేమొ' అని ఆపి కిందికి దూకడం చాలా బాగుంది. మొదటి పాదమే కూలింది. 'టీవీ' రెండు గురువులు, సూర్యగణానికి పట్టదు. యతీ లేదు. 'తెరను దాటి రాని ధీరుని కోసము' అని చూడండి. తె–ధీ యతి కుదురుతుంది, త, ద, ధ ఒక వర్గం, ఎ, ఈ కలుస్తాయి. ఇంకో సంగతి, బస్సు తప్పితే బల్ల మీదికి ఎట్లా చేరారు?

జడ్చర్ల డిగ్రీ పిల్ల:
తర్వాతి బస్సు సార్. గంట లేటు. మొదటి పీరియడ్ అంతా బయట నిలబెట్టారు, అప్పుడు కూడా వాడే గుర్తొచ్చాడు. కార్టూన్ బొమ్మ సార్ వాడు, మనిషి కూడా కాదు. సరిగ్గా వాడు వచ్చే టైముకే కరెంటు పోయేది. ఏడో తరగతిలో ఎంత ఏడ్చానో! అమ్మ కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు తాగించింది.

దేవరకొండ టీచరమ్మ:
వాము నీళ్ళు పద్యంలోకి రావాల్సింది తల్లీ.

నల్లగొండ రిటైర్డు ఉద్యోగి:
ఒకప్పుడు ఆకాశవాణి సమస్యాపూరణానికి పోస్టుకార్డులు రాసినవాణ్ణి. అలవాటు తప్పింది, తప్పులుంటే చెప్పండి.

కలను గన్నవాని గనుమని చెలి గీయ
బొమ్మనందు దొరకెఁ బోకిరొకఁడు
ఉషకు నిజమె గాని యూరిలో మా చెల్లి
లేనివానితోడ లేచిపోయె

మిర్యాలగూడ మిల్లు గుమస్తా:
ఉష కలలో చూసిన అనిరుద్ధుణ్ణి పోకిరి అనేశారు, కృష్ణుడి మనవణ్ణి! కానీ సొంత చెల్లెలు లేచిపోయిందని నలుగురిలో రాస్తారా సార్? పొరపాటున చదివితే నిజమనుకుంటారు.

నల్లగొండ రిటైర్డు ఉద్యోగి:
నిజమే బాబూ, ఒక రకంగా. డెబ్బైల మాట. వారపత్రిక మా వీధికంతా ఒక్కటే వచ్చేది. చెల్లెలు సీరియల్ కాగితాలు చింపి, దారంతో కుట్టి, బియ్యం డబ్బాలో దాచేది. నాయకుడు ఆరడుగులు, పడవలాంటి కారు, మాట తక్కువ. పెళ్ళిచూపులకు వచ్చిన బావగారు అయిదడుగుల మూడంగుళాలు. ఈమె తలెత్తి చూసి నవ్వింది. నచ్చాడనుకుని మావాళ్ళు తాంబూలాలు మార్చుకున్నారు.

నిర్వాహకుడు:
పద్యం కన్నా ఈ ముచ్చట బాగుంది, ఏమనుకోకండి. పద్యంలో మాత్రం ఉష కథ రెండు పాదాలు తిన్నది, చెల్లెలికి ఒక్క పాదమే మిగిలింది. ఉష చెలికత్తె చిత్రలేఖ బొమ్మలు గీయడం భాగవతం చదివిన అందరికీ తెలిసిందే. మీ బియ్యం డబ్బా తెలియదు.

వనపర్తి దుకాణదారు:
అందరూ ఆడపిల్లల సంగతే రాశారు. 'వాని' అని ఉంది కాబట్టి మగవాళ్ళకు దారి లేదనుకున్నారా?

వారవార మెదురు వచ్చిన నాయిక
మనసు దోచుకొనెను మాయచేసి
ఆఖరైన వార మాశలు కూలిచి
లేనివానితోడ లేచిపోయె

నాకు పదమూడేళ్ళు. సీరియల్లో ఆమె కోసం ఇరవై వారాలు ఎదురుచూశాను. నేను ఉన్నవాణ్ణి. వాడు లేనివాడు. అయినా వాడితోనే పోయింది.

గద్వాల పెద్దాయన:
నా ఓటు దీనికే. సమస్యలో ఒక్క అక్షరం విరవలేదు, అర్థం మార్చలేదు. అయినా వైరుధ్యం పోయింది, ఎందుకంటే పోయిన మనిషి కూడా లేనిదే! లేనిది లేనివాడితో పోతే తప్పేముంది? ఏడవాల్సినవాడు ఒక్కడే, అతడు దుకాణంలో కూర్చున్నాడు.

జడ్చర్ల డిగ్రీ పిల్ల:
'కూలిచి' కన్నా 'కూల్చుచు' బాగుంటుందా అంకుల్? అది కూడా గురువు, రెండు లఘువులే.

వనపర్తి దుకాణదారు:
నిన్న మొదటిసారి రాసిన పిల్ల ఇవాళ నన్ను దిద్దుతోంది! 'కూల్చుచు' అంటే కూలుస్తూనే ఉన్నట్టు. నాది ఒక్క గురువారంతో అయిపోయింది. 'కూలిచి' ఉండనీ.

నల్లగొండ రిటైర్డు ఉద్యోగి:
పద్యాలన్నీ ఫోన్లో చెల్లెలికి చదివి వినిపించాను. నా పద్యం రాగానే స్పీకర్లో ఉందని చెప్పి గొంతు తగ్గించింది. పక్కనుంచి బావగారు అడుగుతున్నారు, "వాని పేరేంది?" అని.