సంక్రాంతికి హైదరాబాద్ వెళ్ళేదాకా ఆగొచ్చా? పాప మెల్లకన్ను గురించి

అందరికీ నమస్తే. డాలస్ వచ్చి రెండు నెలలైంది. పాపకి మూడేళ్ళు. బొమ్మల పుస్తకం చూసేటప్పుడు, సాయంత్రం అలసిపోయినప్పుడు ఎడమ కన్ను ముక్కువైపు వాలుతోంది. మెల్లకన్ను అదృష్టమని అత్తయ్యగారు అంటున్నారు. ఇక్కడి ఖర్చులకు భయమేసి, సంక్రాంతికి హైదరాబాద్‌లో చూపిద్దామనుకుంటున్నాం.

*

ఆగొద్దమ్మా. మావాడికీ సరిగ్గా ఈ వయసులోనే మొదలైంది. అప్పుడు కూకట్‌పల్లిలో ఉండేవాళ్ళం. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని ఒక క్లినిక్‌లో చెబితే నమ్మి ఎనిమిది నెలలు ఊరుకున్నాం. తర్వాత బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆ కంటి చూపు మందగించింది. ఒకటి రెండుగా కనిపించకుండా ఉండాలని వాలిన కంటి బొమ్మను మెదడు వదిలేస్తుంది. అలా పని లేని కంటికి చూపు ఎదగదు. ఏడెనిమిదేళ్ళ లోపైతే తిరిగి తెప్పించడం తేలిక. ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ముక్కు దూలం వెడల్పుగా ఉంటే మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. పాప సూటిగా చూస్తుండగా ఫ్లాష్‌తో ఫోటో తీయండి. వెలుగు చుక్క రెండు కళ్ళలో ఒకేచోట పడిందా చూడండి. పడినా డాక్టరుకు చూపించాల్సిందే, వచ్చీపోయే మెల్ల ఫోటోకి దొరకదు. ఒక కనుపాప తెల్లగా మెరిస్తే మాత్రం అదే రోజు ఫోన్ చేయండి.

దగ్గరివి చూసేటప్పుడు లోపలికి వాలుతోందంటే ప్లస్ పవర్ కావచ్చు, అంటే దగ్గరివి స్పష్టంగా చూడ్డానికి కన్ను ఎక్కువ కష్టపడాల్సి రావడం. చుక్కల మందు వేసి పవర్ చూడమని అడగండి. పిల్లలు కంటిని బిగపట్టి ప్లస్‌ని దాచేస్తారు, మందు వేయకుండా చూస్తే బయటపడదు. మావాడికి కళ్ళద్దాలు పెట్టిన కొన్ని వారాలకే కన్ను నిలబడింది. తీస్తే మళ్ళీ వాలేది, అది మామూలే. చూపు కోసం మంచి కంటికి రోజుకి రెండు గంటలు ప్యాచ్ (కన్ను మూసే పట్టీ) వేయమన్నారు. మొదట్లో పీకి పారేసేవాడు. మా అమ్మ పెసరపప్పులో మినుములు కలిపి, పక్కన కూర్చోబెట్టుకుని ఏరించేది. ఆ ఆటలో ప్యాచ్ సంగతే మరిచిపోయేవాడు. అద్దాలతో నిలబడని మెల్లకి కంటి కండరాలకు ఆపరేషన్ చేస్తారు. కన్ను బయటికి తీస్తారన్నది వట్టి మాట.

ఇక్కడ వెళ్ళాల్సింది పీడియాట్రిక్ ఆఫ్తాల్మాలజిస్ట్ (పిల్లల కంటి డాక్టరు) దగ్గరికి. మెల్ల వైద్యం మామూలుగా విజన్ ప్లాన్‌లో (అద్దాలకు, మామూలు కంటి పరీక్షకు ఉండే ఇన్సూరెన్స్) కాదు, మెడికల్ ఇన్సూరెన్స్‌లో వస్తుంది. రిఫరల్ (పిల్లల డాక్టరు రాసిచ్చే చీటీ) కావాలేమో కనుక్కోండి. అపాయింట్‌మెంట్ దూరంగా ఇస్తే క్యాన్సిలేషన్ లిస్టులో పేరు రాయించండి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు రెండో జత అద్దాలు చేయించుకోండి, అక్కడ చవక.

*

అక్కా, ఫోటో తీశాను. ఎడమ కంట్లో చుక్క చెవివైపు జరిగి ఉంది. రేపు పొద్దున్నే పిల్లల డాక్టరుకి ఫోన్ చేస్తున్నాను. అత్తయ్యగారికి కూడా మీ మెసేజ్ చదివి వినిపించాను.